తాడు మార్చడం

భాద్రపదంతో అయిపోతుంది
ఐదేళ్ళు కదలనని మాటిచ్చిన వడ్డీ.
ఆ తర్వాత దాని ఇష్టం.
ఎవరూ ఉత్తరం రాయలేదు.
ఒప్పందం పదకొండో పేజీలో
చీమ తలకాయంత అక్షరాల్లో నాకే కనపడింది.
ఎరుకమ్మ అని పేరు పెట్టుకుని
ఎరగకపోతే ఎలా?

"ఇంకా నాలుగు నెలలుంది కదా" అన్నాను.
పైడిరాజు చేతులు కడుక్కుంటున్నాడు.
హార్బర్లో టగ్గు మీద పని తనది,
గ్రీజు గోళ్ళ సందుల్లోంచి రాదు.
"కొత్త తాడు పడ్డాకే పాత తాడు ఇప్పాల.
మజ్జిలో ఒక్క నిమిషం ఓడ ఒట్టిగా ఉందనుకో,
గాలే దాని సంగతి సూసుకుంటాది."
వడ్డీల గురించి తనకి తెలిసింది అంతే.

పాప హిందీ నోట్సు వెనకట్ట మీద లెక్కలేశాను.
ఇప్పుడు పంతొమ్మిది వేల తొమ్మిదొందలు.
ఊరుకుంటే ఇరవై ఒక్కవేయీ ఏడొందలు.
మారితే ఇరవై వేల రెండొందలు.
నెలకి పదిహేనొందలు మిగులు:
ఒక గ్యాసు బండ, మా అత్తకి బీపీ మాత్రలు,
ఓ ఆదివారం అరకిలో కోనెం.
పద్నాలుగేళ్ళతో గుణించి
అంత అంకె చూసి భయమేసి కొట్టేశాను.

మారడానికీ కూలి ఉంది. పదకొండు వేలు.
ఏడు నెలల కోనెం అక్కడే పోయింది.

ద్వారకానగర్ బ్యాంకులో
"ఉండిపోండి ఎరుకమ్మ గారూ, పావు శాతం తగ్గిస్తాం" అన్నాడు కుర్రాఫీసరు.
ఐదేళ్ళూ రసీదుల మీద ఎరుకలమ్మనే నేను.
వెళ్ళిపోతానన్న రోజు పేరు సరిగ్గా పలికారు.

గాజువాక బ్యాంకు తరపున
ఇల్లు కొలవడానికి ఒకాయన వచ్చాడు.
ఎర్రటి చుక్క గోడ మీద వేసి మీటర్లు చదివాడు.
క్యాలెండరు ఎత్తి వెనక చెమ్మ చూశాడు.
(దాని కోసమే అక్కడ పెట్టాను.)
కిటికీ అంచు మీద వేలు రాసి
నల్లగా వస్తే నావైపు చూశాడు.
శ్రీహరిపురంలో పొద్దున తుడిస్తే సాయంత్రానికి అంతే.
"ఇదీ రాస్తారా?"
"గాలికి కాలమ్ లేదమ్మా."

కాయితాలు చేతికొచ్చిన రోజు
కొత్త బ్యాంకు అబ్బాయికి జ్వరం.
"మీరే తెచ్చేయండి మేడం, నాలుగున్నర లోపు."
సింధియా మీదుగా బస్సు.
ఒళ్ళో గోధుమరంగు కవరు,
కవర్లో దస్తావేజు,
దస్తావేజులో ఇల్లు.
పాత తాడు ఇప్పేశారు, కొత్తది ఇంకా పడలేదు.
అప్పు అలాగే ఉంది గానీ
ఆ గంటసేపు మా ఇల్లు ఏ బీరువాలోనూ లేదు.
గాలి కూడా లేదు ఆ రోజు.
మల్కాపురం దాటాక
మా స్టాపు వచ్చింది. దిగకూడదు.
దిగాను.

అత్త కిటికీ తుడుస్తోంది ఒట్టి చేత్తో, గుడ్డ ఎక్కడో పెట్టి.
"అప్పు తీరిపోనాదేటే?"
"లేదత్తా. గుంజ మారింది."
"మరా కాయితమేటి?"
"మనిల్లు."
చదువు రాదు తనకి. దగ్గరికొచ్చి వంగింది.
"ఇందల మనిల్లెక్కడుందే?"
హద్దులు చదివి చెప్పాను.
తూర్పు మెట్లు. దక్షిణం అచ్చియ్యమ్మ గారి వాటా.
పడమర రోడ్డు.
ఉత్తరం ఖాళీ స్థలం.
"ఖాళీ ఎక్కడిదే, ఐదంతస్తులు నెగిసిపోతే!"
అని ఆ మాట మీద వేలు పెట్టి నొక్కింది,
ఎక్కడ తప్పు రాశారో చూపించడానికి.

నాలుగూ ఇరవైకి గాజువాకలో
ఒక్కో పేజీ యంత్రం కింద పెట్టి లాగుతున్న అమ్మాయి
ఆగింది.
"ఈ నల్ల మచ్చ ముందునుంచీ ఉందాండీ?"

"ఉందండీ" అన్నాను,
"మేం కొన్నప్పట్నుంచీ ఉంది."